రాత్రి మిగిలిన అన్నం – పొద్దుటి ఫ్రైడ్ రైస్



ఈ నెల ఆరోగ్య పాఠంగా మనందరి ఇళ్ళలో జరిగే ఒక చిన్న పనిని తీసుకున్నాం. రాత్రి అన్నం మిగులుతుంది. గిన్నె మీద మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచుతాం. తెల్లారి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కోసి, పోపు వేసి, గుడ్డు కొట్టి, పిల్లలు అడిగినట్టు ఫ్రైడ్ రైస్ చేసి పెడతాం. అన్నం వృథా కాలేదని మనకు తృప్తి, ఇష్టమైనది దొరికిందని పిల్లలకు సంతోషం. ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. అందుకే ఈ పాఠం.

ఒక సోమవారం మధ్యాహ్నం ఒక తల్లి ఇద్దరు పిల్లలను తీసుకొని మా దగ్గరకు వచ్చింది. ఎనిమిదిన్నరకు తిని బడికి వెళ్ళిన పిల్లలకు పదకొండు గంటలకల్లా వాంతులు మొదలయ్యాయి. చిన్నవాడు నీరసంగా తల్లి భుజం మీద వాలిపోయాడు. పొద్దున ఏం పెట్టావమ్మా అని అడిగితే ఆమె ఇలా చెప్పింది: "రాత్రి అన్నమే సారూ. వాసన రాలే, జిగురు పట్టలే. మంచిగ నూనెల వేయించి పెట్టిన. మా అత్తమ్మ కూడ గిట్లనే చేసేది. ఏమన్న పురుగుంటె అంత వేడికి చావదా?"

పిల్లలు సాయంత్రానికి కోలుకున్నారు. ఆ అన్నాన్ని పరీక్షకు పంపలేదు గనుక కారణం అదేనని ఖచ్చితంగా చెప్పలేం. కానీ తిన్న రెండు మూడు గంటలకే ఇద్దరికీ ఒకేసారి వాంతులు రావడం, జ్వరం లేకపోవడం చూస్తే అన్నం మీదే అనుమానం కలుగుతుంది. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిందని మేము అనము. ఆమె అడిగిన ప్రశ్న చాలా మంచిది. అంత వేడికి చావదా? దానికి జవాబు తెలిస్తే మన వంటగదిలో ఒక అలవాటు మారుతుంది.

మన ఇంటికి ఇంత అన్నం ఎప్పుడు వచ్చింది?

మన పెద్దలను అడిగి చూడండి. వాళ్ళ చిన్నతనంలో ఇటువైపు రోజూ తిన్నది జొన్నరొట్టె, జొన్న గట్క, అంబలి. వరి అన్నం పండుగకో, చుట్టాలు వస్తేనో వండేవారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరున్న ఎడమ కాలువ మన వేములపల్లి మీదుగా సాగి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలను తడిపింది. మెట్ట చేలు వరి మడులయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. మూడు పూటలా తెల్లన్నం తినే రోజులు వచ్చాయి. ఇది దేవుని దయ, మన రైతుల, కూలీల కష్టం.

అన్నం ఎక్కువైనప్పుడు మిగలడం కూడా ఎక్కువైంది. జొన్నరొట్టె పొడిగా ఉంటుంది గనుక ఒక రాత్రి ఉన్నా అంతగా చెడదు. అన్నం అలా కాదు. అందులో నీరుంటుంది, పిండి ఉంటుంది, మూత కింద వెచ్చదనం ఉంటుంది. మనిషికి బలమిచ్చే ఆ ఆహారమే క్రిమికి కూడా బలమిస్తుంది. వండే అలవాటు మారింది గాని, దాచే అలవాటు దానికి తగ్గట్టు మారలేదు.

ఒకే అన్నం, నాలుగు దారులు

వండిన అన్నాన్ని రుచిగా మార్చుకునే పద్ధతులు మన ఇళ్ళలో ముఖ్యంగా నాలుగు కనిపిస్తాయి.

మొదటిది పోపన్నం. మిగిలిన అన్నంలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు, పసుపుతో తాలింపు వేస్తాం. ఐదు నిమిషాల పని. ఫ్రైడ్ రైస్ అనే మాట మన ఊళ్ళకు రాకముందు మనకున్న ఫ్రైడ్ రైస్ ఇదే.

రెండవది పులిహోర. దీనికి మిగిలిన అన్నం వాడరు. అప్పుడే వండిన అన్నాన్ని పెద్ద పళ్ళెంలో పరిచి, పసుపు, నూనె చల్లి, ఆరబెట్టి, చింతపండు పులుసు గాని నిమ్మరసం గాని కలుపుతారు.

మూడవది బండి మీది ఫ్రైడ్ రైస్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో బస్టాండు దగ్గర సాయంత్రమైతే పెద్ద మంట మీద ఇనుప మూకుడు మోగుతుంటుంది. క్యాబేజీ, క్యారెట్, గుడ్డు, సోయాసాస్, మిరియాల పొడి, అజినోమోటో వేసి రెండు నిమిషాల్లో చేసి ఇస్తారు. ఈ వంట పుట్టిల్లు చైనా. అక్కడ కూడా ముందుగా వండి చల్లార్చిన అన్నంతోనే చేస్తారు. కలకత్తాలో స్థిరపడిన చైనీయుల వంటశాలల నుండి మన దేశపు రుచులు కలుపుకొని, ఇండో చైనీస్ వంటగా అన్ని పట్టణాలకు పాకింది.

నాలుగవది ఇంటి ఫ్రైడ్ రైస్. బండి రుచిని పిల్లల కోసం ఇంట్లో తెచ్చే ప్రయత్నం. కొందరు బాస్మతి వాడతారు, కొందరు సోనామసూరి. కొందరు సోయాసాస్ వేస్తారు, కొందరు అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలాతో సరిపెడతారు. కొందరు అప్పుడే వండిన అన్నంతో చేస్తారు, ఎక్కువమంది రాత్రి అన్నంతో చేస్తారు.

వేడి అన్నాన్ని మూకుడులో వేస్తే ముద్ద అవుతుంది. చల్లారి, పైతడి ఆరిన మెతుకైతే విడివిడిగా వేగుతుంది. అందుకే ఫ్రైడ్ రైస్‌కు పాత అన్నమే మంచిదనే మాట పుట్టింది. నిజానికి ఆ వంటకు కావలసింది పాత అన్నం కాదు, చల్లారి ఆరిన అన్నం. ఈ రెంటికీ ఉన్న తేడాయే ఈ పాఠానికి మూలం.

వేయించినా పోని విషం

బియ్యంలో సహజంగానే ఒక క్రిమి ఉంటుంది. దాని పేరు బాసిల్లస్ సీరియస్. ఇది మట్టిలో ఉండే క్రిమి. పొలం నుండి వడ్లతో, మిల్లు నుండి బియ్యంతో మన ఇంటికి వస్తుంది. ఎంత శుభ్రమైన బియ్యమైనా, ఎంత ఖరీదైన బియ్యమైనా ఇది కొంత ఉండవచ్చు. బియ్యం కడిగినంత మాత్రాన పూర్తిగా పోదు.

ఈ క్రిమికి ఒక ప్రత్యేకత ఉంది. కష్టకాలంలో గట్టి పెంకు గల గింజలాగా మారి నిద్రపోతుంది. అన్నం ఉడికే వేడికి మామూలు క్రిములు చస్తాయి గాని, ఈ గింజలు కొన్ని బతికే ఉంటాయి. అన్నం ఉడికిన వెంటనే తింటే వీటివల్ల మనకు హాని లేదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ గింజలు మేల్కొంటాయి, మొలకెత్తుతాయి, లక్షలుగా పెరుగుతాయి. పెరుగుతూ అన్నంలో ఒక విషాన్ని వదులుతాయి.

ఆ విషం పేరు సెర్యులైడ్. దీన్ని 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా చెడిపోదని పరీక్షల్లో తేలింది. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. మన ప్రెషర్ కుక్కరు వేడి కూడా సుమారు 120 డిగ్రీలే. ఐదు నిమిషాల పోపు దాన్ని ఏం చేయగలదు? ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇదే: వేయిస్తే క్రిమి చావవచ్చు గాని, అది రాత్రంతా తయారుచేసిన విషం చావదు. ఇంకొక సంగతి, ఈ విషం ఉన్నంత మాత్రాన అన్నానికి వాసన రాదు, రుచి మారదు. అన్నం వాసన చూసి బాగుందని చెప్పడం మనందరికీ అలవాటు. ఈ విషయంలో ముక్కును నమ్మడానికి లేదు.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 1970ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండులో చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి వాంతులైన సంఘటనలు వరుసగా బయటపడ్డాయి. అక్కడ అన్నం పెద్ద మొత్తంలో వండి, మెతుకు విడిపోవాలని రాత్రంతా బయటే ఆరబెట్టి, మరునాడు వేయించేవారు. అప్పటినుండి వైద్యులు దీన్ని "ఫ్రైడ్ రైస్ జబ్బు" అని కూడా పిలుస్తున్నారు. అన్నమే కాదు, పిండితో చేసిన ఇతర వంటల్లోనూ ఇది వస్తుంది. 2008లో బెల్జియం దేశపు బ్రసెల్స్ నగరంలో 20 ఏళ్ళ విద్యార్థి ఒకరు ఐదు రోజుల పాటు వంటగదిలో బయటే ఉంచిన స్పఘెట్టిని వేడిచేసి తిని మరణించాడు. అంత ప్రమాదం చాలా అరుదు. చాలామందికి ఒక్క రోజులో తగ్గిపోతుంది. అయినా చిన్నపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు, క్యాన్సరు మందులు వాడేవారికి వాంతులు, విరేచనాలు చిన్న విషయం కాదు.

దీని లక్షణాలు రెండు విధాలు. మొదటిది, తిన్న అరగంట నుండి ఆరు గంటల లోపు వికారం, వాంతులు. ఇది అన్నంలో ముందే తయారైన విషం వల్ల వస్తుంది. రెండవది, తిన్న ఆరు నుండి పదిహేను గంటలకు కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు. ఇది కడుపులోకి వెళ్ళాక క్రిమి చేసే పని.

పులిహోర పళ్ళెం నేర్పే పాఠం

ఇప్పుడు మన పెద్దవాళ్ళు పులిహోర ఎలా చేస్తారో మరోసారి గుర్తు చేసుకోండి. అన్నం వార్చగానే గిన్నెలో వదిలేయరు. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరుస్తారు. ఆవిరి పోనిస్తారు. తరువాత చింతపండు పులుపు పట్టిస్తారు.

పొయ్యి పక్క మూత పెట్టిన గిన్నెలో అన్నం నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనమే క్రిమికి ఊయల. పళ్ళెంలో పలచగా పరిస్తే అదే అన్నం అరగంటలో చల్లారుతుంది. పులుపు పెరిగేకొద్దీ క్రిమి పెరుగుదల తగ్గుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మన ఇరుగుపొరుగువారు చేసే సద్దులు చూడండి. చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది. ఇంటి నుండి మోసుకుపోయి బయట తినే అన్నానికి పులుపు తోడు కావాలని మన ముందుతరాల వారికి అనుభవం నేర్పింది.

పులిహోరలో ఉన్న ఈ జాగ్రత్తను ఫ్రైడ్ రైస్‌కు కూడా తెచ్చుకోవడమే మేము చెప్పదలచినది. ఫ్రైడ్ రైస్ మానవలసిన పనిలేదు. రాత్రంతా మూత కింద ఉన్న అన్నంతో చేయడం మానితే చాలు.

ఇంట్లో ఫ్రైడ్ రైస్ ఇలా చేయండి

నలుగురికి సరిపడే కొలత ఇది.

1. పాత బియ్యం 300 గ్రాములు తీసుకోండి. సోనామసూరి చాలు, బాస్మతే కావాలని లేదు. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది. కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, రోజూ పోసే నీళ్ళ కంటే కొంచెం తక్కువ పోసి వండండి. గంజి వార్చే పద్ధతిలో మెతుకు బాగా విడుతుంది గాని, గంజితో పాటు కొన్ని బి విటమిన్లు పోతాయి. వారిస్తే ఆ గంజి పారబోయకుండా అప్పుడే ఉప్పు, మజ్జిగ కలిపి తాగండి.

2. ఉడికిన వెంటనే రెండు వెడల్పాటి పళ్ళాల్లో పలచగా పరచండి. ఫ్యాను కింద ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచండి. ఈగలు వాలకుండా పలుచని శుభ్రమైన గుడ్డ కప్పండి. ఆ లోపు కూరగాయలు కోసుకోండి.

3. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికం, ఉల్లికాడలు అన్నీ కలిపి 400 గ్రాములకు తగ్గకూడదు. అన్నం కంటే కూర తక్కువ కనిపించకూడదని గుర్తు పెట్టుకోండి. ఉడికించిన శనగలు గుప్పెడు గాని, మూడు గుడ్లు గాని కలిపితే మాంసకృత్తులు కూడా అందుతాయి.

4. నూనె మనిషికి ఒక చిన్న చెంచా, అంటే నలుగురికి నాలుగు చిన్న చెంచాలు. పూరీలు, బజ్జీలు వేయించగా మిగిలి నల్లబడిన నూనె వాడవద్దు.

5. మూకుడు బాగా వేడెక్కాక వెల్లుల్లి, పచ్చిమిరపకాయ, కూరగాయలు వేసి మూడు నిమిషాలు తిప్పండి. గుడ్డు వేస్తే పచ్చిదనం పోయేదాకా వేగనివ్వండి. అన్నం వేసి పొగలు వచ్చేదాకా కలపండి. ఉప్పు నలుగురికి కలిపి ఒక చిన్న చెంచాకు మించరాదు. మిరియాల పొడి చల్లి, చివర సగం నిమ్మకాయ పిండండి.

6. వేడిగా ఉన్నప్పుడే తినేయండి.

అన్నం ముందురోజే వండుకోవలసి వస్తే ఫ్రిజ్ ఉన్నవారు ఇలా చేయండి. రాత్రి అందరూ తిన్నాక మిగిలినది దాచడం కాదు, వండిన వెంటనే రేపటికి కావలసినది పక్కకు తీయండి. పళ్ళెంలో చల్లార్చి, పలచటి డబ్బాలో సర్ది, వండిన గంట లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు గంటలు దాటనివ్వవద్దు. మరునాడే వాడేయండి. ఒక్కసారి మాత్రమే వేడిచేయండి. మిగిలితే మళ్ళీ లోపల పెట్టవద్దు.

ఫ్రిజ్ లేనివారు అన్నాన్ని మరునాటి పోపుకు దాచవద్దు. పూటకు సరిపడా కొలిచి వండండి. రోజూ పిడికెడు బియ్యం తక్కువ పోసి చూడండి, నెల తిరిగేసరికి ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.

బడి డబ్బా సంగతి

తల్లులు ఎక్కువగా అడిగేది దీని గురించే. రాత్రి ఎనిమిదికి వండిన అన్నం పొద్దున ఏడుకు పదకొండు గంటల వయసుది. దాన్ని వేయించి డబ్బాలో పెడితే పిల్లవాడు తినేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. అంటే పదహారు గంటలు దాటింది. పోపు వేసినంత మాత్రాన ఆ గంటలు చెరిగిపోవు. కనుక డబ్బాలోకి పొద్దున వండిన అన్నమే పెట్టండి. నిమ్మకాయ పులిహోర, చింతపండు పులిహోర దీనికి మేలు. గుడ్డు, చికెన్ కలిపిన ఫ్రైడ్ రైస్ ఇంట్లో వేడిగా తినడానికే ఉంచండి, ఎండాకాలంలో డబ్బాకు వద్దు. మన వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తరగతి గదిలో మూత బిగించిన డబ్బా ఎలా ఉంటుందో ఆలోచించండి.

సద్దన్నం తినవచ్చా?

నాట్లకు, కలుపుకు తెల్లవారుజామున వెళ్ళే అక్కచెల్లెళ్ళు ఈ మాట అడుగుతారు. రాత్రి అన్నంలో నీళ్ళు, మజ్జిగ పోసి పులియబెట్టిన సద్దికీ, మూత పెట్టి ఉంచిన పొడి అన్నానికీ తేడా ఉంది. మజ్జిగలోని మేలుచేసే క్రిములు అన్నాన్ని పులుపెక్కిస్తాయి. ఆ పులుపు చెడ్డ క్రిములను అణచి ఉంచుతుంది. కానీ అన్నం నాలుగు గంటలు బయట ఉన్నాక, పడుకునేముందు నీళ్ళు పోస్తే ఆలస్యమైపోతుంది. అన్నం చల్లారగానే శుభ్రమైన గిన్నెలో, కాచి చల్లార్చిన నీళ్ళు, రెండు గరిటెల మజ్జిగ పోసి కలపండి. పొద్దున్నే తినేయండి, మధ్యాహ్నందాకా లాగవద్దు. పక్కన ఉల్లిగడ్డ మంచిదే గాని, ఉప్పు, పచ్చడి మితంగా ఉండాలి. ఏడాది లోపు పిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం అప్పటికప్పుడు వండినదే పెట్టండి.

షుగరు, బి.పి. ఉన్నవారికి

ఫ్రైడ్ రైస్‌లో కూరగాయలున్నాయి గదా, ఎంతైనా తినవచ్చని కొందరు అనుకుంటారు. బండి మీద ఇచ్చే పళ్ళెంలో ఎక్కువ భాగం తెల్లన్నమే. అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిపదార్థం కొంత నిదానంగా అరిగే రూపంలోకి మారుతుందనేది నిజమే. అంతమాత్రాన అది షుగరుకు మందు కాదు. నూనెతో వేయించడం వల్ల శక్తి మరింత పెరుగుతుంది. షుగరు ఉన్నవారు పళ్ళెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు లేక గుడ్డు, పావు భాగమే అన్నం ఉండేలా చూసుకోండి.

ఉప్పు విషయానికి వస్తే, ఒక పెద్ద చెంచా సోయాసాస్‌లో సుమారు రెండు గ్రాముల పైగా ఉప్పు ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఉప్పు, నూనె తగ్గించి కూరగాయలు పెంచమనే చెబుతున్నాయి. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు సోయాసాస్ మానడం మంచిది. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లితో రుచి వస్తుంది. అజినోమోటో విషమని భయపడనవసరం లేదు గాని, అందులోనూ సోడియం ఉంది. ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టవద్దు.

ప్రేమ విందులో జాగ్రత్తలు

క్రిస్మసుకు, ప్రతిష్ఠ పండుగలకు, పెళ్ళిళ్ళకు మన సంఘాల్లో వందలమందికి వండుతాం. తెల్లవారుజామున నాలుగింటికే అన్నం వండి, గుట్టగా పోసి, గోనెపట్టా కప్పి, ఆరాధన అయ్యాక ఒంటిగంటకు వడ్డించడం చాలాచోట్ల ఉంది. వంట పెద్దలకు మా విన్నపం ఇది. అన్నం ఒక్కసారే కాకుండా వాయిలుగా వండించండి. చివరి వాయి ఆరాధన ముగిసే వేళకు దిగేలా చూడండి. అన్నం పొగలు కక్కుతూ ఉండాలి, లేదా పలచగా పరచి చల్లార్చి ఉండాలి. మధ్యస్థంగా, గోరువెచ్చగా ఉంచకండి. చేతికి పుండ్లు, గాయాలు ఉన్నవారిని వడ్డనకు పెట్టకండి. పుండులోని క్రిములు కూడా ఆహారంలో ఇలాంటి విషాన్నే వదులుతాయి.

మిగిలినది బీదలకు పంచుతాం. ఇది మంచి పని. పంచేది వెంటనే పంచండి. మధ్యాహ్నం విందు అన్నం సాయంత్రం ఆరింటికి వసతిగృహం పిల్లలకో, రోడ్డు పక్కన ఉన్నవారికో పంపవద్దు. మన పిల్లలకు పెట్టడానికి సందేహించే అన్నాన్ని ఇతరుల పిల్లలకు పెట్టడం దానం కాదు.

వాంతులైతే ఏం చేయాలి?

ముందుగా భయపడకండి. కొద్దికొద్దిగా, మాటిమాటికి నీళ్ళు తాగించండి. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు ఒకటి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు తలగొట్టి వేసి కలపండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. వాంతి ఆగడానికి, విరేచనం కట్టడానికి మందుల షాపులో అడిగి మాత్రలు వేయవద్దు. క్రిమి కన్నా విషమే కారణమైనప్పుడు యాంటీబయాటిక్ వల్ల ఉపయోగం లేదు.

ఈ క్రిందివాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోన్ చేయండి:

– తాగినదంతా వాంతి కావడం
– ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్ళు గుంటలు పడటం, నోరు ఎండిపోవడం
– మత్తుగా ఉండటం, ఫిట్స్ రావడం
– విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం
– కళ్ళు పచ్చబడటం

వచ్చేటప్పుడు ఏం తిన్నారో, అది ఎప్పుడు వండినదో చెప్పండి. ఎవరో తిడతారని దాచవద్దు. ఆ ఒక్క మాట వైద్యానికి చాలా సహాయపడుతుంది.

వాక్యం నేర్పే రెండు మాటలు

"అన్నం పారబోస్తే పాపం" అని మన పెద్దలు అంటారు. ఆ మాటలో భక్తి ఉంది, ఆకలి చూసిన జ్ఞాపకం ఉంది. యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు అయిదు వేలమందికి ఆహారం పెట్టాక, మిగిలిన ముక్కలను వ్యర్థం కానివ్వక పోగుచేయమన్నాడు. పన్నెండు గంపలు నిండాయి. వృథా చేయకూడదనేది ఆయన మనసు.

నిర్గమకాండం పదహారవ అధ్యాయంలో మరొక పాఠం ఉంది. మన్నాను ఉదయం వరకు ఉంచుకోవద్దని మోషే చెప్పినా కొందరు వినలేదు. తెల్లారేసరికి అది పురుగుపట్టి కంపు కొట్టింది. విశ్రాంతిదినం కోసం చెప్పిన విధంగా ఉంచినది మాత్రం చెడలేదు.

ఈ రెండూ మన వంటగదిలో కలిసి ఉండాలి. పోగుచేయవలసిన దాన్ని పోగుచేద్దాం, దాచే పద్ధతి తెలిసి దాచుదాం, పద్ధతి తప్పినదాన్ని పిల్లల నోటికి పెట్టకుండా ఉందాం. రాత్రంతా బయట ఉన్న గుప్పెడు అన్నం పారబోయవలసి వస్తే అది పాపమని బాధపడకండి. రేపు ఒక పిడికెడు తక్కువ వండండి, అదే నిజమైన పొదుపు.

ఆ రోజు వచ్చిన తల్లి మళ్ళీ నెల తరువాత చిన్నవాడి టీకాకు వచ్చింది. "ఇప్పుడు రాత్రే పళ్ళెంల ఆరబోసి ఫ్రిజ్‌ల పెడుతున్న సారూ. మా అత్తమ్మ మొదట నవ్వింది. ఇప్పుడు ఆమెనే యాది చేస్తది" అని చెప్పింది. మా పాఠం అంతా ఆమె ఆ రెండు మాటల్లో చెప్పేసింది.

గుర్తుంచుకోండి

1. వేయించడం వల్ల క్రిమి చావవచ్చు గాని విషం పోదు.
2. వాసన రాలేదంటే బాగుందని కాదు.
3. వండగానే పళ్ళెంలో పరచి చల్లార్చండి, గంట లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మరునాడే తినండి.
4. ఫ్రిజ్ లేకపోతే పూటకు సరిపడా వండండి, లేదా వెంటనే మజ్జిగ పోసి సద్ది చేయండి.
5. బడి డబ్బాలో రాత్రి అన్నం వద్దు.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకోవడానికి

– మన ఇంట్లో రోజుకు ఎంత అన్నం మిగులుతోంది? ఎవరు, ఎప్పుడు తింటున్నారు? చాలా ఇళ్ళలో మిగిలినది తినేది తల్లి, అమ్మమ్మ, నాయనమ్మలే. ఇది సరైనదేనా?
– మనం ఇతరులకు ఇచ్చే ఆహారాన్ని మన పిల్లలకు పెట్టినంత జాగ్రత్తగా ఇస్తున్నామా?
– ఈ వారం మన వంటగదిలో మార్చుకోగల ఒక్క అలవాటు ఏది?

అనుదిన ఆహారాన్ని ఇచ్చే దేవుడు దాన్ని జ్ఞానంతో వాడుకునే మనసును కూడా మీ కుటుంబాలకు అనుగ్రహించును గాక.